‘ఇన్‌వాలిడ్ నేమ్’ అని ఎవరికి చెప్తున్నాం?

ఒక ల్యాబ్‌లో కంప్యూటర్లకి పేర్లు పెట్టాలి అనుకుందాం. పీసీ-1, పీసీ-2 అని బోర్ కొట్టేలా కాకుండా మన దిక్కు జిల్లాల పేర్లు పెడదాం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. జిల్లా పేరు, తర్వాత చిన్న గీత, ‘ల్యాబ్’, మళ్ళీ గీత, 01. ఇంగ్లీషు స్పెల్లింగులో గద్వాలకి 6 అక్షరాలు, వనపర్తికి 10, నాగర్‌కర్నూల్‌కి 12. వెనక తోకకి ఇంకో 7. మొత్తం 13, 17, 19. విండోస్‌లో ఇప్పటికీ మోస్తున్న పాత నెట్‌బయాస్ పేరుకి హద్దు 15. గద్వాల హాయిగా పట్టేస్తుంది. వనపర్తి పేరు తెగిపోయి చివర ఒక గీత వేలాడుతూ మిగులుతుంది. నాగర్‌కర్నూల్ ‘ల్యాబ్’ మధ్యలో ఆగిపోతుంది. రెండిట్లోనూ పోయేది చివరి నంబరే. అంటే 01, 02, 03 అన్నీ ఒకే పేరు. ఒకే నెట్‌వర్క్‌లో పది మెషిన్లు ‘నేనే నాగర్‌కర్నూల్’ అంటే ఏం జరుగుతుందో సిస్టమ్ అడ్మిన్ అన్నని అడగండి, చెప్తాడు.

ఇక్కడ నియమం తప్పు కాదు. మెషిన్ పేరుకి నియమం ఉండాల్సిందే. నా గొడవ వేరే. మెషిన్ పేర్ల కోసం పుట్టిన నియమాన్ని మనం కాపీ పేస్ట్ చేసి మనుషుల పేర్ల మీద, ఊళ్ళ పేర్ల మీద, తెలుగులో రాసిన వెబ్ అడ్రస్‌ల మీద రుద్దుతున్నాం. ఎర్ర అక్షరాల్లో ‘ఇన్‌వాలిడ్ నేమ్’ అని చూపించి చేతులు దులుపుకుంటున్నాం. దీన్ని సెక్యూరిటీ అని పిలుచుకుంటున్నాం కూడా.

ముందు నియమం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఇంటర్నెట్ ఇంకా ఆర్పానెట్‌గా ఉన్న రోజుల్లో నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్లు ఒకే ఫైల్‌లో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ టీమ్ ఆ ఫైల్‌ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ వస్తే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు ఫైల్‌లో ఎక్కించాలి, మిగతావాళ్ళు దాన్ని దింపుకోవాలి. ఊర్లో ఒకే రేషన్ రిజిస్టర్ ఉన్నట్టు. ఆ ఫైల్‌లో పేరు ఎలా ఉండాలో 1985లో ఆర్ఎఫ్‌సీ 952 అనే పత్రంలో రాశారు. పేరు 24 అక్షరాల లోపు ఉండాలి, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గీత మాత్రమే వాడాలి, మొదటిది అక్షరమే కావాలి, చివర గీత ఉండకూడదు. 1989లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1123 ఒక మెట్టు దిగి, మొదట అంకె ఉన్నా పర్లేదు అంది. 3కామ్ లాంటి కంపెనీ అప్పటికే ఉంది కదా, మరి దాన్ని ఏం చేస్తారు? ఈలోపు డీఎన్ఎస్ వచ్చేసింది. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న ఒక్కో ముక్క 63కి మించకూడదు, మొత్తం పేరు 253కి మించకూడదు. ఇప్పటికీ ఇవే హద్దులు.

అండర్‌స్కోర్ సంగతి ఒక మాట. డీఎన్ఎస్‌కి అండర్‌స్కోర్‌తో ఇబ్బంది లేదు, మెయిల్ సెట్టింగుల రికార్డుల్లో రోజూ వాడతారు. హోస్ట్‌నేమ్‌కి మాత్రం అది చెల్లదు. ఈ రెండూ ఒకటే అనుకుని రాసిన కోడ్ ఒక చోట కావలసినదాన్ని ఆపుతుంది, ఇంకో చోట వద్దన్నదాన్ని వదిలేస్తుంది.

నియమం ఎందుకు కావాలో మన ప్రాజెక్టులతోనే చెప్పొచ్చు. మినీ ప్రాజెక్టుల్లో ప్రతి ఏడాదీ ఒక ‘నెట్‌వర్క్ మానిటర్’ ఉంటుంది. వెబ్ పేజీలో ఒక బాక్స్ ఉంటుంది, హోస్ట్‌నేమ్ టైప్ చేస్తే సర్వర్ దాన్ని పింగ్ చేసి ఫలితం చూపిస్తుంది. బాక్స్‌లో వచ్చినదాన్ని అలాగే తీసుకెళ్ళి షెల్‌కి ఇచ్చామనుకోండి. ఎవరైనా పేరు తర్వాత ఒక సెమీకోలన్ పెట్టి ఫైళ్ళు చెరిపే కమాండ్ రాస్తే అది కూడా నడుస్తుంది. పేరు గీతతో మొదలైతే పింగ్ దాన్ని పేరు అనుకోదు, ఆప్షన్ అనుకుంటుంది. అన్నీ అంకెలే ఉంటే? 2130706433 అని కొట్టి చూడండి. చాలా సిస్టమ్‌లలో అది 127.0.0.1, అంటే మీ సొంత మెషినే. నలభై ఏళ్ళ నాటి ‘అక్షరం, అంకె, గీత’ నియమం ఇలాంటివి చాలావరకు గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. షెల్‌కి ఇవ్వకుండా ఉండటం ఇంకా మంచిది అనుకోండి. కాబట్టి మెషిన్ పేర్ల దగ్గర నేను కఠినంగా ఉండేవాళ్ళ పార్టీనే.

గొడవ ఎక్కడ మొదలవుతుందంటే, ఇదే రెజెక్స్‌ని తీసుకెళ్ళి ‘ఫాదర్స్ నేమ్’ అనే బాక్స్ వెనక పెట్టినప్పుడు. నేను ఇంటర్‌లో ఉండగా నింపిన ఒక ఆన్‌లైన్ ఫారమ్ మా నాన్న పేరు ముందున్న పొడి అక్షరం పక్కన చుక్కని ఒప్పుకోలేదు. చుక్క తీసేస్తే సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతో కలవలేదంది. నెట్ సెంటర్ అన్నకి ఇది రోజూ ఉండేదే, ఏదో చేసి సబ్మిట్ చేశాడు, యాభై రూపాయలు తీసుకున్నాడు. ఆ ఫారమ్ రాసిన ప్రోగ్రామర్ మనలాంటివాడే అయి ఉంటాడు. చుక్క ప్రమాదమని ఎక్కడో చదివాడు. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు వస్తుందనీ, దాన్ని ఒక్క అక్షరం చేసి పక్కన చుక్క పెడతారనీ అతనికి తెలియకుండా ఉండదు. తెలిసీ రాశాడు. ఎందుకంటే రెజెక్స్ అతను రాయలేదు, దొరికింది.

సరే, ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే అనడం పాతకాలం, ఇప్పుడు యూనికోడ్ ఉంది, ‘అక్షరాలు ఏవైనా ఓకే’ అని రాస్తే సరిపోతుంది అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ణి, పైథాన్‌లో ఒక చిన్న పరీక్ష చేసేదాకా. మీరూ చేయండి, రెండు నిమిషాల పని. ‘కమల’ అనే పేరుకి ఈజ్‌ఆల్ఫా అనే ఫంక్షన్ పెట్టండి, ట్రూ వస్తుంది. ‘సీత’కి పెట్టండి, ఫాల్స్! సరళ పాస్, రాధ ఫెయిల్. రమ పాస్, రాము ఫెయిల్. కారణం ఏంటంటే, యూనికోడ్ లెక్కలో క, మ, ల అక్షరాలే గానీ దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు అక్షరాలు కావు, వాటిని ‘మార్క్’ అనే వేరే గుంపులో వేశారు. గుణింతం వచ్చిందంటే ఈ ఫంక్షన్ దృష్టిలో ఆ పేరు పేరు కాదు. గుణింతాలు లేకుండా తెలుగు ఎంత మిగులుతుందో ఒకసారి ఊహించుకోండి.

మన మూడు జిల్లాలనే మళ్ళీ తీసుకుందాం, ఈసారి తెలుగు లిపిలో. గద్వాల: చదివితే మూడు అక్షరాలు, గ, ద్వా, ల. యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు. మూడోది పొల్లు, ‘అక్షరాలు మాత్రమే’ అన్న రెజెక్స్ అక్కడే ఆగిపోతుంది. వనపర్తి: నాలుగు అక్షరాలు, ఏడు కోడ్ పాయింట్లు. ‘వనప’ దాకా వెళ్ళి, ‘ర’ దాటాక పొల్లు దగ్గర పడిపోతుంది. పరిష్కారం కష్టమేం కాదు, అక్షరాల గుంపుతో పాటు మార్క్‌ల గుంపుని కూడా రెజెక్స్‌లో చేర్చాలి. ఒక్క అదనపు ముక్క. కానీ ఆ ముక్క చేర్చాలంటే ముందు ఒక తెలుగు పేరుతో టెస్ట్ చేసి ఉండాలి కదా.

నాగర్‌కర్నూల్ కథ ఈ రెండిటికంటే చిక్కుగా ఉంటుంది. ఆ పేరు తెలుగులో సరిగ్గా టైప్ చేయాలంటే ‘నాగర్’కీ ‘కర్నూల్’కీ మధ్య కంటికి కనపడని ఒక క్యారెక్టర్ కావాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే పొల్లు పక్కనున్న ‘క’ని కిందికి లాగేసి ఒత్తు చేస్తుంది, ‘నాగర్కర్నూల్’ అని వస్తుంది. పైన ఒకటి, ఇక్కడ ఒకటి, రెండూ చూడండి, తేడా కనిపిస్తుంది. అది ఉన్న పేరుకి 13 కోడ్ పాయింట్లు, లేని పేరుకి 12. మనిషికి రెండూ ఒకే ఊరు. కంప్యూటర్‌కి రెండు వేరు వేరు పేర్లు. ఒక డేటాబేస్‌లో ఒక ఉద్యోగి ఒకలా, ఇంకో ఉద్యోగి ఇంకోలా ఎక్కిస్తే, వెతికినప్పుడు సగం రికార్డులు కనపడవు. ఎందుకు కనపడలేదో స్క్రీన్ మీద చూసి కనిపెట్టడం కష్టం.

ఇప్పుడు దీన్ని డొమైన్ పేరుగా ఊహించండి. తెలుగులో డొమైన్ పేరు అనేది కల కాదు, ‘డాట్ భారత్’ తెలుగు లిపిలో 2011 నుంచి ఇంటర్నెట్ రూట్‌లో ఉంది. లోపల డీఎన్ఎస్ మాత్రం మారలేదు. అందులో హోస్ట్‌నేమ్‌కి ఇప్పటికీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గీతే చెల్లుతాయి. అందుకని ప్యూనీకోడ్ అనే పద్ధతిలో తెలుగు పేరుని ఆ అక్షరాల్లోకి మారుస్తారు. మన ‘భారత్’ అప్పుడు ‘ఎక్స్ ఎన్ గీత గీత ఎఫ్ పీ సీ ఆర్ జే 9 సీ 3 డీ’ అవుతుంది. మూడు అక్షరాల మాట 13 క్యారెక్టర్లు అయింది. 63 హద్దుని లెక్కపెట్టాల్సింది ఈ మారిన రూపంలో, తెలుగు రూపంలో కాదు. మరి కనపడని ఆ క్యారెక్టర్ సంగతి? 2003లో వచ్చిన మొదటి నియమాలు దాన్ని నిశ్శబ్దంగా తీసేసేవి. మీరు నాగర్‌కర్నూల్ అని టైప్ చేస్తే లోపల నాగర్కర్నూల్ అయ్యేది. 2010లో వచ్చిన కొత్త నియమాలు పొల్లు తర్వాత వస్తే దాన్ని ఉంచొచ్చు అన్నాయి. రూట్ స్థాయిలో, అంటే ‘డాట్ భారత్’ లాంటి చివరి ముక్కల్లో మాత్రం అది ఇప్పటికీ చెల్లదు. కాబట్టి ఒక ప్రోగ్రామ్ పాత లైబ్రరీ వాడితే ఒక అడ్రస్‌కి, కొత్త లైబ్రరీ వాడితే ఇంకో అడ్రస్‌కి వెళ్ళే అవకాశం ఉంది. ఒక జిల్లా పేరులో ఇంత కథ ఉందని నెట్‌వర్క్స్ టెక్స్ట్‌బుక్‌లో ఎవరు రాస్తారు?

చాలా వెబ్‌సైట్లలో ఇప్పటికీ తిరుగుతున్న ఈమెయిల్ రెజెక్స్ ఒకటుంది. చివరి ముక్క రెండు నుంచి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉండాలి అంటుంది. కామ్, ఇన్, ఆర్గ్, ఇన్ఫో, అయిపోయింది ప్రపంచం. ‘మ్యూజియం’ అనే ఆరు అక్షరాల డొమైన్ 2001లోనే వచ్చింది. ‘భారత్’ 13 క్యారెక్టర్లు, మధ్యలో గీతలు, అంకెలు. ఆ రెజెక్స్ దాన్ని రెండు కారణాలతో తిప్పి పంపుతుంది. డొమైన్ కొన్నవాడికి డొమైన్ ఉంది, దాని మీద మెయిల్ ఉంది, కానీ ఆ మెయిల్‌తో ఏ సైట్‌లోనూ రిజిస్టర్ కాలేడు. తర్వాత మనమే అంటాం, ‘తెలుగు డొమైన్లు ఎవరు వాడుతున్నారు బ్రో?’ అని. తలుపు మూసేసి, లోపలికి ఎవరూ రావట్లేదని ఆశ్చర్యపోవడం ఇది.

ఆ ప్రశ్న అడిగేవాళ్ళని నేను కొట్టిపారేయను. నేనే అడ్రస్ బార్‌లో తెలుగు టైప్ చేయను, ఇంగ్లీష్ మీడియంలో చదివిన చేతికి ఆ కీబోర్డ్ ఇంకా అలవాటు కాలేదు. కానీ మా నాయనమ్మ బస్టాండ్‌లో ‘వనపర్తి’ బోర్డు చదివి బస్సు ఎక్కుతుంది. అదే పేరు ఇంగ్లీషులో ఉంటే ఎవరినో ఒకరిని అడగాలి. ఇంగ్లీషు స్పెల్లింగ్ అయినా ఒకటే ఉందా? ‘డబ్ల్యూ’తో రాసేవాళ్ళున్నారు, ‘వీ’తో రాసేవాళ్ళున్నారు, చివర ‘వై’ పెట్టేవాళ్ళు, ‘ఐ’ పెట్టేవాళ్ళు. గద్వాలలో ‘డబ్ల్యూ’నా ‘వీ’నా? నాగర్‌కర్నూల్ ఒక మాటా, మధ్యలో ఖాళీతో రెండు మాటలా, చివర రెండు ‘ఓ’లా, ఒక ‘యూ’నా? తెలుగులో ఈ గొడవ చాలా తక్కువ. హోస్ట్‌నేమ్‌లో వీటిలో ఒక్క స్పెల్లింగే అసలు సైట్‌కి వెళ్తుంది. మిగతావి ఎవరు కొంటే వాళ్ళవి.

అందుకే ఇక్కడ మళ్ళీ కఠినంగా ఉండే పార్టీలోకి వస్తాను. ప్రభుత్వ జిల్లా సైట్లు ‘గద్వాల్ డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్’ పద్ధతిలో ఉంటాయి. ఒక లింక్ నిజంగా ప్రభుత్వానిదేనా అని చూసే కోడ్ రాయమంటే, చాలామంది అందులో ‘గవ్ డాట్ ఇన్’ అనే మాట ఉందా అని వెతుకుతారు. మోసగాడు దాని వెనక ఇంకో చుక్క పెట్టి తన డొమైన్ తగిలిస్తే కూడా ఆ మాట ఉంటుంది. హోస్ట్‌నేమ్ మన ఉత్తరం అడ్రస్ లాంటిది. ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా అని చిన్నదాని నుంచి పెద్దదానికి రాస్తాం. పోస్టాఫీసు మాత్రం చివరి నుంచి చదువుతుంది. కోడ్ కూడా కుడి చివర నుంచే చదవాలి, అదీ చుక్కతో సహా. చుక్క వదిలేసి చూస్తే ‘నకిలీగవ్ డాట్ ఇన్’ కూడా పాసైపోతుంది. రైతుకి వాట్సాప్‌లో ‘పైసలు పడ్డాయి, ఇక్కడ నొక్కు’ అని వచ్చే లింక్‌లో ఈ ఒక్క చుక్క చాలా డబ్బుల ఖరీదు చేస్తుంది.

తెలుగు లిపి పేర్లకి ఇంకో ప్రమాదం ఉంది, అది గద్వాల వాళ్ళకి సులభంగా అర్థమవుతుంది. పక్కనే రాయచూరు. అక్కడి బోర్డులు కన్నడలో ఉన్నా మనం సగం చదివేస్తాం, ఎందుకంటే రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు. గ, ద, న, ర, ల లాంటివి దూరం నుంచి చూస్తే ఏ లిపో చెప్పలేం. కంప్యూటర్‌కి మాత్రం అవి పూర్తిగా వేరే నంబర్లు. తెలుగు పేరు మధ్యలో ఒక్క కన్నడ అక్షరం దూర్చి రిజిస్టర్ చేస్తే, ఫోన్ స్క్రీన్ మీద తేడా ఎవరు గుర్తుపడతారు? 2017లో ఒక పరిశోధకుడు రష్యన్ వాడే సిరిలిక్ అక్షరాలతో అచ్చం యాపిల్ కంపెనీ అడ్రస్‌లా కనిపించే డొమైన్ చేసి చూపించాడు, అప్పటి క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ మోసపోయాయి. బ్రాహ్మి నుంచి వచ్చిన మన లిపుల కోసం పనిచేసిన ఐకాన్ ప్యానెల్ తెలుగు, కన్నడల మధ్య ఇలా కలిసిపోయే అక్షరాల జాబితా తయారుచేసింది. ఒక ముక్కలో రెండు లిపులు కలిస్తే ఆపాలి. ఇది నిజమైన వ్యాలిడేషన్. చుక్క పెట్టిన నాన్న పేరుని ఆపడం కాదు.

ఇంకో సంగతి, నియమాలు ముసలివైపోతాయి. 2016 అక్టోబర్ 11న ఈ మూడూ మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి జిల్లాలయ్యాయి. జిల్లాల పేర్లని కోడ్‌లోనే రాసి పెట్టుకున్న ప్రతి ఫారమ్ ఆ రోజు తప్పైపోయింది. బండి నంబర్లు చూడండి, నాగర్‌కర్నూల్‌కి 31, వనపర్తికి 32, గద్వాలకి 33. ముందు ‘టీఎస్’ ఉండేది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి ‘టీజీ’. ‘టీఎస్’తో మొదలవ్వాలి అని రెజెక్స్ రాసిన పార్కింగ్ యాప్‌కి మన తమ్ముడి కొత్త బండి ఇన్‌వాలిడ్. అలాగని పాతది తీసేసి ‘టీజీ’ పెడితే నాన్న బండి ఇన్‌వాలిడ్. మొదటి అక్షరంగా అంకె రావొచ్చని ఒప్పుకోవడానికి ఇంటర్నెట్ వాళ్ళకే నాలుగేళ్ళు పట్టింది. మన కోడ్ మీద మనకి అంత నమ్మకం ఎందుకో!

మరి ఏం చేద్దాం అంటే, ప్రాజెక్టు రివ్యూలో ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడదాం: ఈ బాక్స్‌లో వచ్చే పేరు ఎవరు చదువుతారు, మెషినా, మనిషా? మెషిన్ అయితే పాత నియమం, తు.చ. తప్పకుండా. రెజెక్స్ సొంతంగా అల్లే బదులు లాంగ్వేజ్‌తో వచ్చే లైబ్రరీకి ఇవ్వండి, తెలుగు డొమైన్ అయితే ముందు ప్యూనీకోడ్‌లోకి మార్చి అప్పుడు పొడవు చూడండి. మనిషి చదివే పేరు అయితే ఖాళీగా లేదా, మరీ పొడవు లేదా అని చూసి వదిలేయండి. అటాక్ భయం ఉంటే దాన్ని ఆపాల్సిన చోటు డేటాబేస్ దగ్గర, షెల్ దగ్గర, హెచ్‌టీఎంఎల్ రాసే దగ్గర. పేరు పెట్టుకున్న మనిషి దగ్గర కాదు.

ఆపాల్సి వచ్చినా కారణం చెప్పి ఆపండి. ‘ఇన్‌వాలిడ్’ అనే ఒక్క మాట చూసి నెట్ సెంటర్‌లో కూర్చున్న మనిషికి ఏం అర్థమవుతుంది? ‘కంప్యూటర్ పేరులో 15 అక్షరాలకి మించి ఉన్నాయి, నాలుగు తగ్గించండి’ అంటే పని అవుతుంది. అది తెలుగులో రాయడానికి మనకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

టెస్ట్ కేసులు కావాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ (కనపడని క్యారెక్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి), కమల, సీత, పొడి అక్షరం పక్కన చుక్క ఉన్న ఏదో ఒక పేరు, 63 క్యారెక్టర్ల ముక్క ఒకటి, 64ది ఒకటి, గీతతో మొదలయ్యేది, మధ్యలో కన్నడ ‘గ’ ఉన్న గద్వాల. ఈ పదకొండు సెమిస్టర్ ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక ఫైల్‌లో పెట్టుకుని రన్ చేసి చూడండి. ఎన్ని పాసయ్యాయో క్లబ్ గ్రూప్‌లో పెడితే, వచ్చే సంచికలో ఆ లెక్క వేద్దాం.